చామనఛాయ బుగ్గకు తగిన రంగు

మన ఆడవాళ్ల అలంకారంలో బుగ్గకు చోటు లేకపోలేదు. బుగ్గన చుక్క పెట్టందే పెళ్లికూతురి ముస్తాబు పూర్తికాదు. కాళ్లకు పారాణి, చేతులకు గోరింటాకు, కళ్లకు కాటుక, నుదుట కల్యాణతిలకం, బుగ్గన నల్లచుక్క. ఎర్రదనం మాత్రం పాదాల్లో, అరచేతుల్లో, పెదవుల మీద ఆగిపోయింది. బుగ్గ దగ్గరికి వచ్చేసరికి మనకు తెలిసింది పౌడరే. స్నానం కాగానే అరచేతిలోకి ఇంత దులుపుకుని, ముఖమంతా అద్దుకుని, మెడ దాకా తెల్లగా చేసుకుని బయటికి వెళ్లడం. మా అమ్మ తరమంతా అలాగే పెళ్లిళ్లకు వెళ్లింది. ఆల్బముల్లో ఆ ఫొటోలు చూడండి: చేతులదొక రంగు, ముఖానిదొక రంగు. ఆ ముఖాల్లోని కళంతా పౌడరు కింద అణిగిపోయి ఉంటుంది. వాళ్లు ఎంత నిండుగా, ఎంత చక్కగా ఉండేవాళ్లో దగ్గర నుంచి చూసినదాన్ని కనుక నాకు ఆ ఫొటోలు చూస్తే బాధేస్తుంది.

తెలుపు మీద మనకున్న మోజు ఇంత తేలిగ్గా వదిలేది కాదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, పేరులోని ‘ఫెయిర్’ను 2020లో గానీ తీసేయలేదు. నలభై అయిదేళ్లు. ఒక తరం పుట్టి, పెరిగి, పిల్లల్ని కని, వాళ్లకూ అదే ట్యూబు కొనిపెట్టడానికి సరిపోయేంత కాలం. అందుకే ముఖానికి ఏదైనా రాసుకోవడమంటే తెల్లబడటానికేనని మనలో చాలామందికి ఇప్పటికీ లోపల ఎక్కడో పాతుకుపోయి ఉంది. బుగ్గకు వేసే ఎరుపు ఆ దారిలో వెళ్లదు. ఉన్న ఛాయను ఉన్నట్టే ఉంచి, దాని కింద పారే నెత్తురును గుర్తు చేస్తుంది. నాకు ఈ రంగు మీద ఇష్టం కలగడానికి అదే కారణం.

ఈమధ్య క్రీమ్ బ్లష్, హైలైటర్ రెండూ ఒకే డబ్బాలో ఉన్న జోడీ ఒకటి వాడుతున్నాను. అరచేతిలో ఇమిడే డబ్బా, మూత లోపల అద్దం. ఒక గుంటలో ఇటుక రంగుకూ నేరేడుకూ మధ్యస్తంగా ఉన్న ఎరుపు. రెండో గుంటలో లేత బంగారు మెరుపు. కాలేజీ రోజుల్లో మేము లిప్‌స్టిక్‌నే వేలితో తీసి బుగ్గకు అద్దుకునేవాళ్లం. పని జరిగేది కానీ, లిప్‌స్టిక్‌లో రంగు పాలు ఎక్కువ. పెదవిని పట్టుకుని కదలకుండా ఉండేలా చేసిన సరుకు అది, బుగ్గ మీద అంత హాయిగా పరుచుకోదు. క్రీమ్ బ్లష్‌ను పరుచుకోవడానికే తయారుచేస్తారు. అందులో ఉండేవి ముఖ్యంగా మూడు: మైనం, నూనె, రంగుపొడి. తేనెమైనమో, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా మైనమో ఆకారాన్ని నిలబెడుతుంది. నూనెల్లో తరచుగా కనిపించేది ఆముదం. రంగుపొడి ఉండలు కట్టకుండా అందులో చక్కగా నానుతుంది. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో పండే పంట, మన తలలకు పట్టించిన నూనె, ఇప్పుడు ఫ్యాన్సీ డబ్బాలో మళ్లీ మన దగ్గరికే వస్తోంది.

రంగు ఎంచుకోవడం దగ్గరే చామనఛాయ వాళ్లం ఎక్కువగా నష్టపోతాం. లేత గులాబి డబ్బాలో ముద్దుగా ఉంటుంది. బుగ్గకు అద్దాక కాసేపటికి బూడిద పూసినట్టు తేలుతుంది. లోపం మన చర్మంలో లేదు. ఎరుపును లేత గులాబిగా మార్చడానికి అందులో తెల్లటి టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. అది ఎంత ఎక్కువుంటే మన ఛాయ మీద అంత సున్నంలా కనిపిస్తుంది. పైగా మన ఒంట్లోని ఎరుపు పైకి కనిపించేది మెలనిన్ పొరలోంచి. మెలనిన్ నీలం, ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చేస్తుంది కాబట్టి, మన బుగ్గ నిజంగా ఎర్రబడినప్పుడు వచ్చేది ముదురు రంగు. ఇటుక, దానిమ్మ గింజ, నేరేడు, వంగపండు. కాస్త పసిమి ఎక్కువున్నవాళ్లకు కనకాంబరం రంగు అద్భుతంగా అమరుతుంది. డబ్బాలో చూసి ‘అమ్మో, ఇంత ముదురా’ అని భయపెట్టే రంగే చాలాసార్లు మన బుగ్గ మీద సహజంగా కలిసిపోతుంది.

డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అంకెలు చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. సీఐ (కలర్ ఇండెక్స్) 77891 అంటే ఆ తెల్ల టైటానియం. 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 77492 పసుపుది, 77499 నల్లది. ఎర్రమట్టికి రంగునిచ్చేది ఆ ఎర్ర ఐరన్ ఆక్సైడే. ఐరన్ ఆక్సైడ్లు దండిగా ఉన్న బ్లష్ మన ఒంటికి దగ్గరగా ఉంటుంది. 75470 కనిపిస్తే అది కార్మైన్, కోచినీల్ అనే పురుగు నుంచి తీసిన ఎరుపు. శాకాహారం విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ఆ అంకె చూసుకోవాలి. 77019 అంటే అభ్రకం. దాని సంగతి కాస్త తర్వాత.

ఇక చేతిపని. క్రీముకు బ్రష్షు కన్నా వేలే మేలని నా నమ్మకం. అందులోనూ ఉంగరపు వేలు. చూపుడు వేలికున్నంత బలం దానికి లేదు, అదే ఇక్కడ కావాల్సింది. పేరంటానికి వచ్చినవాళ్లకు బొట్టు పెట్టేటప్పుడు మనలో చాలామందికి ముందుకొచ్చేదీ ఆ వేలే కనుక దానికి తగుమాత్రంగా తాకడం ఇప్పటికే వచ్చు. డబ్బాలోంచి తిన్నగా బుగ్గకు వెళ్లకూడదు. వేలికొసను గుంటలో ఒక్కసారి తిప్పి, ముందు రెండో చేతి వెనుక భాగాన అద్దాలి. అక్కడ ఒకటి రెండు సార్లు తిప్పేసరికి ఒంటి వేడికి మైనం మెత్తబడుతుంది. బిరుసుగా ఉన్నది జారుడవుతుంది. వేలికి ఎంత రంగు అంటిందో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఆ కాస్త ఆగడంలోనే ఈ పని మొత్తం ఉంది. హడావిడిలో ఆ మెట్టు వదిలేస్తే రంగు ఒకేచోట ముద్దగా పడుతుంది, తర్వాత ఎంత తుడిచినా అంచులు పోవు.

నవ్వినప్పుడు బుగ్గ పైకి లేచిన చోట వేయమనేది పాత పాఠం. ఇరవయ్యేళ్ల పిల్లలకు అది బాగుంటుంది. నలభై దాటాక నవ్వు ఆగగానే ఆ రంగు కిందికి జారి ముక్కు పక్క గీత దగ్గరికి చేరుతుంది, ముఖం అలిసినట్టు కనిపిస్తుంది. నల్లగుడ్డు మధ్య నుంచి కిందికి ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు చెవి వైపు, చెంప ఎముక మీద మొదటి అద్దు. అక్కడి నుంచి కణత వైపుగా చిన్న చిన్న అద్దులు. రుద్దకూడదు. రుద్దితే కింద రాసుకున్న సన్‌స్క్రీన్ ఉండలు కట్టి లేచొస్తుంది. వేలు పెట్టి తీయడం, పెట్టి తీయడం, అంతే. మధ్యమధ్యలో అద్దానికి ఒక అడుగు వెనక్కి జరిగి చూడాలి. దగ్గరగా చూస్తే ఎప్పుడూ చాలనట్టే ఉంటుంది. ఎదుటివాళ్లు మనల్ని చూసేది ఒక గజం దూరం నుంచి. చివర్లో రంగు అంటని వేలితో అంచుల మీద మెల్లగా అద్దితే రంగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో పోల్చుకోలేం. పౌడరు అలవాటున్నవాళ్లు అది ఆ తర్వాతే వేసుకోవాలి, అదీ ముక్కు, నుదురు వరకే. పౌడరు మీద క్రీమ్ వేస్తే మరకలు మరకలుగా పట్టేస్తుంది.

తెనాలిలో మా బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కు వెళ్లినప్పుడు ఈ డబ్బా నా సంచిలోనే ఉంది. పిల్లను ముస్తాబు చేయడానికి పార్లర్ అమ్మాయి వచ్చింది. పెద్దవాళ్లను పట్టించుకునేవాళ్లు లేరు. మా పిన్ని గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి పౌడరు డబ్బా మూత తిప్పుతోంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, నిండు చామనఛాయ, రెండు చెంపల మీదా మంగుమచ్చలు.

‘‘ఇటు కూర్చో పిన్నీ, నేను వేస్తాను.’’

‘‘ఈ వయసులో నాకెందుకే ఈ రంగులు? నలుగురూ నవ్వుతారు.’’

‘‘వేసినట్టు ఎవరికీ తెలియదు. కాసేపు కదలకు.’’

‘‘పౌడరు వెయ్యవా మరి?’’

‘‘వెయ్యను.’’

ముఖానికి కాస్త మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకేదాకా ఆగాను. ఆవిడ చెంప మీది చర్మం చాలా పలుచన, వేలు పెడితే ముడత వేలితో పాటు కదులుతుంది. అందుకని ఎడమచేతి వేలితో కణత దగ్గర కాస్త పట్టి ఉంచి, మంగుమచ్చకు పైన, ఎముక మీద అద్దాను. మచ్చను కప్పే ప్రయత్నమేమీ చేయలేదు. రంగు పైకి లేచేసరికి చూపు అటే వెళ్తుంది, మచ్చ దానంతటదే వెనక్కి తగ్గుతుంది. వేలికి మిగిలిన రంగును పెదవులకు అద్దాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి చేతి అద్దంలో చూసుకుంది. ‘‘మిరపకాయ కోతల నుంచి వచ్చినప్పుడు ఇట్లాగే ఉండేదే నా ముఖం’’ అంది. పౌడరు డబ్బా మూత పెట్టేసింది. బుగ్గరంగు గురించి నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత సరిగ్గా చెప్పలేదు.

పిన్నికి హైలైటర్ వేయలేదు, కావాలనే. మెరుపు పడిన చోట వెలుతురు ఆగుతుంది. అది నునుపును ఎంత చూపిస్తుందో గుంటనూ, ముడతనూ, మొటిమ మచ్చనూ అంతే చూపిస్తుంది. నేను వేసుకునేదీ చెంప ఎముక పై అంచున ఒక్క అద్దు, పైపెదవి వంపు దగ్గర ఒక చుక్క. ముక్కుదూలం మీద మన ఎండలకు, మన జిడ్డుకు అవసరమే లేదు. మెరుపు ఎలా వస్తుందో తెలిస్తే ఎంపిక కూడా సులువు. అభ్రకాన్ని పలుచటి రేకులుగా చీల్చి, పొడి చేసి, ఒక్కో రేకు మీద టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. పూత సుమారు 50 నానోమీటర్లుంటే వెండి మెరుపు. ఇంకాస్త మందమైతే బంగారు, ఆపైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ. వెండి మెరుపు మన ఛాయ మీద తెల్లగీతలా తేలుతుంది. బంగారు, రాగి మెరుపులు కలిసిపోతాయి. రేకులు సన్నగా ఉంటే నిగారింపు, పెద్దవైతే తళుకు. తళుకు రకాన్ని ఫంక్షన్ హాల్లో వీడియో లైటు ముందు పెట్టకండి, బుగ్గ మీద తెల్ల మచ్చలా పడుతుంది. కెమెరాకూ బుగ్గకూ ఈ పేచీ కొత్తది కాదు. మూకీల తొలినాళ్లలో వాడిన ఫిల్ముకు ఎరుపు నల్లగా పడేది. బుగ్గకు ఎర్రరంగు వేస్తే తెర మీద దవడ లోపలికి పోయినట్టుండేది.

అభ్రకాన్ని మనవాళ్లు కాకిబంగారం అన్నారు. గూడూరు చుట్టుపక్కల నేలల్లో దొరికే అభ్రకం ఒకప్పుడు విద్యుత్ పరికరాల కోసం దేశాలు దాటి వెళ్లింది. మన మేకప్ డబ్బాల్లో చేరే మెరుపు చాలావరకు జార్ఖండ్, బిహార్ సరిహద్దు ప్రాంతాలది: కోడర్మా, గిరిడీహ్, నవాదా. అక్కడ మూతపడిన గనుల్లో, చట్టం కంటపడని గోతుల్లో చిన్నపిల్లలు దిగి ముక్కలు ఏరుతున్నారని, గోతులు కూలి ప్రాణాలు పోతున్నాయని పత్రికల్లో పదే పదే వచ్చింది. ఆ పరిస్థితి మార్చడానికి కంపెనీలు, సంస్థలు కలిసి 2017లో రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ పెట్టుకున్నాయి. ఫ్యాక్టరీలో తయారుచేసే అభ్రకం కూడా ఉంది. డబ్బా మీద సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని రాసి ఉంటుంది. నేను ఇప్పుడు అది ఉన్నదే వెతుక్కుంటున్నాను. ముఖం మీద చుక్కంత మెరుపు కోసం ఒక పిల్లవాడు గోతిలోకి దిగకూడదు. ఈ మాట కంపెనీలను గట్టిగా అడగాల్సింది కొనేవాళ్లమే. అభ్రకం ఎక్కడి నుంచి తెచ్చారో డబ్బా మీదే రాయమని అడగాలి.

మన వేసవిలో ఈ క్రీములకు చెమట పడుతుంది. మే నెల విజయవాడలో బీరువా పైన పెట్టిన డబ్బా మూత తీస్తే పైన నూనె బిందువులు కనిపిస్తాయి. పాడైపోయినట్టు కాదు. టిష్యూ కాగితంతో పైపైన అద్ది, చల్లటి చోట పెడితే సర్దుకుంటుంది. వాసన మారితే మాత్రం పారేయాలి. వెనుక మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 12 ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలని అర్థం. వేలితో వాడే సరుకు కనుక చేతులు కడుక్కునే ముట్టుకోవాలి. పెళ్లిళ్లలో ఒకే డబ్బాలో పదిమంది వేళ్లు పెట్టనివ్వకండి, చేతి వెనక్కి తీసిచ్చి అక్కడి నుంచి వాడుకోమనండి.

కొనడానికి వెళ్లినప్పుడు కౌంటరు దగ్గరి అమ్మాయి మొదట మీ చేతిలో పెట్టేది లేత గులాబీయే. ‘‘ఇది వేసుకుంటే ఫెయిర్‌గా కనిపిస్తారు మేడమ్’’ అని ఆమెకు నేర్పి ఉంటారు. కోప్పడొద్దు. ముదురువి చూపించమని అడగండి. చేతికి కాదు, దవడ అంచున వేయించుకోండి, చెయ్యి రంగు వేరు, ముఖం రంగు వేరు. దుకాణం లోపలి లైట్లను నమ్మకుండా బయటికొచ్చి ఎండలో చూసుకోండి. ఒక కాఫీ తాగి వచ్చేలోపు బూడిద తేలిందా, మీ ఛాయలో కలిసిందా తేలిపోతుంది. కలిసినదాన్ని కొనుక్కోండి, అది డబ్బాలో ఎంత ముదురుగా ఉన్నా సరే.