లేని గట్టు

నిండిన చెరువులో పాతిన గుంజకు అల తగిలితే కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత పక్కలకు చెదురుతుంది. గుంజ వెనక కాస్త మేర నీరు సద్దుమణుగుతుంది. ధ్వని కూడా అడ్డొచ్చిన వస్తువుకు తగిలి ఇలాగే చెదురుతుంది. దాన్నే పరిక్షేపణం అంటారు. చెదిరే ధ్వనిని ముందే లెక్కగట్టడానికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వస్తువు చుట్టూ ఉన్న గాలినో నీటినో చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో పీడనాన్ని సులువైన సూత్రంతో రాసి, అన్నిటినీ ఒకే సమీకరణాల కట్టగా కడుతుంది. వంతెనకైనా విమానం రెక్కకైనా చేసేది ఇదే. అయితే వంతెనకు ఒక చివర ఉంది, ఆరుబయట ధ్వనికి లేదు. కంప్యూటర్‌లో మాత్రం ఎక్కడో గీత గీయక తప్పదు. ఆ గీత గట్టులా నిలబడి అలను లోపలికి తిప్పికొడితే, మనం లెక్కగట్టింది చెరువును, సముద్రాన్ని కాదు. ఈ విద్యలో అసలు నేర్పు ముక్కలు కోయడంలో కంటే, ఉండీ లేనట్టుండే ఆ గట్టును కట్టడంలోనే ఉందని నేననుకుంటాను.

చెదిరిన అల బయటికే పోవాలి, అనంతం నుంచి ఏదీ తిరిగి రాకూడదు అన్న నియమాన్ని 1912లో జొమ్మర్‌ఫెల్డ్ గణితంలో రాశాడు. అది లెక్కలోకి ఎక్కడ దూరుతుందో తెలియాలంటే అవకలన సమీకరణాన్ని సమాకలన రూపంలోకి మార్చి చూడాలి. అలా మార్చినప్పుడు సరిహద్దు దగ్గర ఒక పదం మిగులుతుంది; ఆ నియమానికి వాకిలి అదే. ఉస్మానియాలో 1968లో ఇంజనీరింగ్ పూర్తిచేసి అమెరికాలో ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డి తన పాఠ్యగ్రంథాల్లో ముందు ఈ రూపాన్నే రాబట్టి చూపిస్తారు, ప్రోగ్రాం తర్వాతి మాట. 1994లో బెరెంజే మరో దారి చూపాడు: సరిహద్దు బయట, అలను మింగే ఒక పొర. చెరువు అంచున జమ్ము ఒత్తుగా పెరిగిన చోట అల గట్టును చేరకముందే నీరసించిపోతుంది కదా, అలాంటిదే. కాకపోతే జమ్ము మొదలయ్యే చోటే కొంత అల వెనక్కి తిరుగుతుంది. ఈ పొర అంచున, గణితం ప్రకారం, ఏమీ తిరగదు. ముక్కలుగా కోశాక కొద్దిపాటి పరావర్తనం మిగులుతుంది.

పెద్ద కంప్యూటర్ ఉంటే గీతను దూరంగా జరిపి, ముక్కలు చిన్నవి చేస్తే సరిపోదా అని అడగవచ్చు. 1000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 34 సెంటీమీటర్లు. తరంగానికి పది ముక్కల చొప్పున పది మీటర్ల ఘనాన్ని నింపితే రెండున్నర కోట్ల ముక్కలు. పౌనఃపున్యం రెట్టింపైతే ఎనిమిది రెట్లు చాలుననిపిస్తుంది, చాలవు. భూమి కొలిచే గొలుసు వీసమెత్తు పొట్టిదైతే ఒక మడిలో తేడా తెలియదు, పొలిమేర దాకా కొలిస్తే బయటపడుతుంది. ఒక్కో తరంగంలో జరిగే చిన్న పొరపాటు కూడా అలాగే పోగవుతుంది. దీన్ని ఇలెన్‌బర్గ్, బాబుష్కా 1995లో నిరూపించారు. సరళమైన ముక్కలతో ఆ పోగును అదుపులో ఉంచాలంటే ఇరవై రెండు రెట్లకు పైగా కావాలి. గీతను దూరం జరపడం అంటే అల నడిచే దారిని ఇంకా పొడిగించడమే.

వస్తువు ఉపరితలాన్ని మాత్రమే ముక్కలు చేసే బౌండరీ ఎలిమెంట్ పద్ధతికి ఈ గట్టు బెడదే లేదన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నీరు అంతటా ఒకే తీరుగా ఉంటే అది నిజమే, అక్కడ దాన్నే వాడాలి. కానీ సముద్రంలో లోతుతో పాటు ఉష్ణోగ్రత, ఉప్పదనం మారి ధ్వని వేగం మారుతుంది. విశాఖ తీరాన 1969 నుంచి టార్పెడోల వంటి ఆయుధాలపై పనిచేస్తున్న నౌకాదళ ప్రయోగశాలకు ఎదురయ్యే నీరు అలాంటిది. మారే నీటిని ముక్క ముక్కకూ వేరువేరు వేగంతో రాయగలగడం ఫైనైట్ ఎలిమెంట్ బలం.

హసన్‌పర్తిలో ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్ ఇంజనీరింగ్ కళాశాల, అనంతసాగర్‌లో ఎస్.ఆర్. విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి విద్యార్థి లెక్కలోని ఈ గట్టును పరీక్షించడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. రెండు కొలతల్లో ఒక వృత్తం చాలు. దాని కచ్చితమైన జవాబు బెసెల్ శ్రేణిగా చేతిలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఒకసారి లెక్కగట్టి దానితో పోల్చి, గట్టును పావు తరంగం దూరం జరిపి మళ్లీ లెక్కగట్టాలి. వృత్తం మీది పీడనం కదిలిందంటే, అల ఇంకా గట్టుకు తగిలి తిరిగొస్తున్నట్టే.