గాలికి అడ్డు నిలిచేవాళ్ళకు కాంట్రాక్టు ఎవరు రాస్తారు?

1952 టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక సాయంత్రం లోజాన్ ఊళ్ళో ఆండ్రియా కారియా అనే ఇటలీ రైడర్‌కి, మొత్తం మీద ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొడిగారు. ఏ సైక్లిస్టుకైనా అది జీవితకాలపు కల. కారియా మాత్రం బావురుమన్నాడు. తన నాయకుడు ఫౌస్టో కొప్పి ఏమనుకుంటాడోనని అతని భయం. ముందు పారిపోయిన గుంపు మీద ఒక కన్నేసి ఉంచుదామని అందులో చేరాడంతే. ఆ గుంపే అందరికంటే చాలా ముందుగా గమ్యం చేరడంతో జెర్సీ వచ్చి ఒంటి మీద పడింది. నేరుగా కొప్పి దగ్గరికి పోయి క్షమించమన్నాడు. మర్నాడు ఆల్ప్ ద్యూయెజ్ కొండ మీద కొప్పి గెలిచి ఆ జెర్సీ తాను తీసుకున్నాకే కారియా మనసు కుదుటపడింది. నాజీల బుఖెన్‌వాల్డ్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి ఇతను! పిరికివాడని ఎవరూ అనలేరు. తన పనేమిటో అంత కచ్చితంగా తెలిసినవాడు, అంతే.

కుత్బుల్లాపూర్‌లో కూర్చుని ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఆదివారం తెల్లారకముందే సుచిత్ర నుంచి కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ వైపూ, అల్వాల్ నుంచి తూముకుంట మీదుగా శామీర్‌పేట చెరువు వైపూ పోయే సైకిళ్ళు చూడండి. లక్షల ఖరీదు చేసే కార్బన్ ఫ్రేములు, ఒకే రంగు జెర్సీలు, వీపు మీద ఏదో రియల్ ఎస్టేట్ వెంచరు పేరు. దాన్ని ‘టీమ్’ అంటారు. పది కిలోమీటర్లు పోయేసరికి గట్టి కాళ్ళవాడు ముందుకు వెళ్ళిపోతాడు, కొత్త కుర్రాడు ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కుతుంటాడు, చివర్న టీ కొట్టు దగ్గర అందరూ కలిసి ఫొటో దిగుతారు. నా కడుపుమంటంతా ఇక్కడే. అది జట్టు కాదు, ఒకే దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకున్న గుంపు.

జట్టంటే ఏమిటో తెలియాలంటే ముందు గాలి గురించి తెలియాలి. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు దాటిన వేగంలో రైడర్ శక్తిలో చాలా భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి చక్రానికి జానెడు దూరంలో తన చక్రం పెట్టుకున్నవాడికి ఆ భారం మూడో వంతు దాకా తగ్గుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐంట్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది రైడర్ల గుంపు నమూనా మీద లెక్క కట్టింది. నడిమధ్యలో, వెనక వరసల్లో ఉన్నవాడికి తగిలే గాలి, ఒంటరిగా తొక్కేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనట. అయిదు గంటలు అలా దాక్కుని వచ్చినవాడు ఆఖరి కొండ దగ్గర తాజా కాళ్ళతో దిగుతాడు. అతన్ని అలా దాచడానికి మరొకడు ఆ అయిదు గంటలూ ఎదురుగాలి తినాలి. ఫ్రెంచివాళ్ళు ఆ మనిషిని డొమెస్టీక్ అంటారు, ఇటలీవాళ్ళు గ్రెగారియో అంటారు. నాకైతే బుర్రకథలో వంతలు గుర్తొస్తారు. కథకుడి పేరే అందరికీ తెలుసు, కానీ ఆ ఇద్దరూ ‘తందాన’ ఆపేస్తే కథ అక్కడే కూలబడుతుంది.

ఇందులో ఎంత నేర్పుందో చూడండి. ముందు లాగేవాడు వేగాన్ని కుదుపు లేకుండా నిలపాలి. ఒక్కసారి ఎగదోసి తొక్కాడా, వెనక పదోవాడి దగ్గరికి పోయేసరికి అది చిన్న పరుగు పందెమై కూర్చుంటుంది. బెల్జియం రైడర్ టిమ్ డెక్లెర్క్‌కి ‘ఎల్ ట్రాక్టర్’ అని పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. పారిపోయిన గుంపుని వెంటనే పట్టుకోకూడదు, పట్టుకుంటే కొత్తవాళ్ళు మళ్ళీ పారిపోతారు. చేతికందే దూరంలో గంటల తరబడి వేలాడదీసి, సరైన సమయానికి దారం చుట్టాలి. డెక్లెర్క్ ఆ పని చేస్తుంటే టీవీ కెమెరా అతని వీపుని మూడు గంటలు చూపించేది. గమ్యం కనబడేసరికి అతను ఫ్రేములో ఉండేవాడు కాదు. ఆ మూడు గంటలు చూడకుండా ఆఖరి మూడు నిమిషాలు చూసేవాళ్ళని నేను సైక్లింగ్ అభిమానులుగా ఒప్పుకోను.

పక్క గాలి వీచినప్పుడు ఇంకో విద్య. వరస నిటారుగా ఉండదు, రోడ్డుకి అడ్డంగా ఏటవాలుగా పరుచుకుంటుంది. రోడ్డు వెడల్పు పట్టినంత మందికే నీడ, మిగిలినవాళ్ళు అంచున మట్టిలో కొట్టుకుంటారు. మనవాడికి ఆ వరసలో చోటు పట్టి ఉంచడం మోచేతులతో, మాటతో, కంటితో చేసే పని. సీసాలు మోయడాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, వెనక్కి జట్టు కారు దాకా జారి, జెర్సీలో ముందూ వెనకా ఎనిమిదో పదో నీళ్ళ సీసాలు కుక్కుకుని, మళ్ళీ గుంపు మధ్యలోంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ ముందుకు చేరడం, అదీ కొండ ఎక్కుతూ, ఒకసారి ప్రయత్నించి మాట్లాడండి. (సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం. సీసాల బరువుకి నియమం లేదు.)

లీడ్‌అవుట్ గురించి మొదలుపెడితే నన్ను ఆపడం కష్టం. ఆఖరి కిలోమీటరులో గంటకు 60 దాటిన వేగంలో, తన స్ప్రింటర్‌ని వీపు వెనక పెట్టుకుని, ఇరవై జట్ల మధ్య సందు వెతికి, గీతకు 200 మీటర్ల దూరంలో వదిలిపెట్టాలి. రెండు సెకన్లు ముందు వదిలితే స్ప్రింటర్ గాలిలో చచ్చిపోతాడు, రెండు సెకన్లు ఆలస్యమైతే పెట్టెలో ఇరుక్కుంటాడు. 2009 టూర్ ఆఖరి రోజు షాంజెలిజేలో మార్క్ రెన్‌షా ఎంత చక్కగా వదిలాడంటే, మార్క్ కావెండిష్ మొదట, రెన్‌షా రెండో స్థానంలో గీత దాటారు. వదిలిపెట్టినవాడిని కూడా మిగతావాళ్ళు పట్టుకోలేకపోయారు! ఆ తర్వాత మైకేల్ మోర్కోవ్. ఈ డెన్మార్క్ మనిషిని మించిన లీడ్‌అవుట్ నేను చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు. 2021 టూర్‌లో కార్కస్సోన్ దగ్గర కావెండిష్ 34వ స్టేజీ గెలిచి ఎడ్డీ మెర్క్స్ రికార్డుని సమం చేసిన రోజు రెండో స్థానం ఎవరిదనుకున్నారు? మోర్కోవ్‌దే.

కాంట్రాక్టు కాగితం ఒక బతుకుని ఎలా తిప్పుతుందో చూడాలన్నా ఆ కావెండిషే. 2016 తర్వాత 2021 దాకా టూర్‌లో అతనికి గెలుపు లేదు. 2020 అక్టోబరులో జెంట్-వెవెల్‌జెమ్ అయ్యాక, ఇదే ఆఖరి రేసేమో అని కెమెరా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరూ తీసుకోని సమయంలో పాత్రిక్ లఫెవెర్ తన డెకునింక్-క్విక్‌స్టెప్ జట్టులో కనీస జీతానికి ఒక్క ఏడాది చోటిచ్చాడు. ఆ జట్టు స్ప్రింటర్ సామ్ బెన్నెట్‌కి మోకాలు నొప్పి చేస్తే టూర్‌లో స్థానం దొరికింది. ఫలితం నాలుగు స్టేజీలు. అవే కాళ్ళు, వెనక జట్టు మారింది. తర్వాత బీ అండ్ బీ హోటల్స్ జట్టుకి వెళ్దామనుకుంటే 2022 చివర్లో ఆ జట్టే డబ్బు దొరక్క మూతపడింది. ఆస్తానా దగ్గరికి తీసింది కాబట్టి, 2024 జూలై 3న సాన్-వుల్బాస్‌లో 35వది గెలిచాడు. అక్కడికి మోర్కోవ్‌ని కూడా తీసుకొచ్చారని వేరే చెప్పాలా? పేరున్నవాడు కాబట్టి కావెండిష్‌కి మరో తలుపు తెరుచుకుంది. బీ అండ్ బీ మూతపడ్డ ఆ డిసెంబరులో సీసాలు మోసే కుర్రాళ్ళ తలుపుల గురించి ఎవరు రాశారు?

బినియం గిర్మే కథా అంతే. ఎరిత్రియా కుర్రాడిని స్విట్జర్లాండ్‌లోని ఎయిగ్ల్‌లో ఉన్న ప్రపంచ సైక్లింగ్ కేంద్రం తీర్చిదిద్దింది. తొలి ప్రొఫెషనల్ జట్టు డెల్కో ఆర్థికంగా చితికిపోతే 2021 మధ్యలో ఇంటర్‌మార్షే జట్టు అందుకుంది. మరుసటి ఏడాదే జెంట్-వెవెల్‌జెమ్ గెలిచిన తొలి ఆఫ్రికన్ అయ్యాడు, 2024 టూర్‌లో మూడు స్టేజీలూ ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. ఆ చేయి అందకపోతే?

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను, నాకు దాని మీద ప్రేమ లేదు. అగ్రశ్రేణి వరల్డ్ టూర్‌లో జట్లు 18. కొత్తగా ప్రొఫెషనల్ అయినవాడికి కనీసం రెండేళ్ళ కాంట్రాక్టు ఇవ్వాలన్నది మంచి నియమం. 2023 నాటికి ఆ శ్రేణిలో కనీస జీతం ఏడాదికి సుమారు 40 వేల యూరోలు. మహిళలకు కనీస జీతమన్న మాటే 2020 దాకా లేదు, అప్పుడు మొదలైంది 15 వేలతో. జట్టు మారే బేరాలు ఆగస్టు 1 నుంచి అధికారికం. పైన చూస్తే తదేయ్ పొగాచార్ 2030 దాకా సంతకం చేశాడు. 1984లో జట్టు యజమాని బెర్నార్ తపీ అమెరికన్ రైడర్ గ్రెగ్ లెమాండ్‌కి మూడేళ్ళకు పది లక్షల డాలర్లు ఇస్తానంటే ప్రపంచం నోరు తెరిచింది. అదే కాంట్రాక్టు 1985లో లెమాండ్ చేత జట్టు నాయకుడు బెర్నార్ ఇనో కోసం బ్రేకు వేయించింది కూడా. తన కాళ్ళలో గెలుపు ఉందని తెలిసి ఆగినవాడు అతను. ఏడాది తిరిగాక టూర్ గెలిచాడు గానీ, ఆ ఆగడం ఎంత చేదో అతని మాటల్లో ఇప్పటికీ వినబడుతుంది.

ఇక నాకు ఒళ్ళు మండేది పాయింట్ల పద్ధతి. మూడేళ్ళ పాయింట్లు కూడి తక్కువ వచ్చిన జట్టుని అగ్రశ్రేణి నుంచి దించుతారు. 2022 చివర్లో లొట్టో, ఇజ్రాయెల్ జట్లు అలా దిగాయి. పాయింట్లు ఎవరికి? గీత ముందు దాటినవాళ్ళకి. జట్టు లెక్కలో కూడా ఎక్కువ పాయింట్లున్న కొద్దిమందివే కూడతారు, మొదట పదిమందివి, 2023 నుంచి ఇరవైమందివి. మూడు గంటలు గాలి తిన్న డెక్లెర్క్‌కి సున్నా. దాంతో జట్లు చిన్న రేసుల్లో ఏడో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ ఎగబడుతున్నాయి. తమ జట్టువాళ్ళే ఒకరి మీద ఒకరు స్ప్రింటు కొడుతున్న దృశ్యాలు చూస్తున్నాం. గెలిచినవాడు బహుమతి డబ్బు జట్టులో పంచే పాత మర్యాద ఇంకా బతికే ఉంది, టూర్ విజేత అందుకునే 5 లక్షల యూరోలు కూడా అలాగే పంపకమవుతాయి. కానీ కాంట్రాక్టు వేళకి ఏజెంటు బల్ల మీద పెట్టేది పాయింట్ల పట్టికే. పక్కకు తప్పుకున్నవాడి పని ఆ పట్టికలో ఏ గడిలో రాస్తారు?

అందుకే సెప్ కస్ గెలిచినప్పుడు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. ప్రిమోజ్ రోగ్లిచ్ స్పెయిన్ పర్యటన వుల్టాని మూడుసార్లు గెలిచినప్పుడూ, యోనాస్ వింగెగార్డ్ రెండు టూర్లు గెలిచినప్పుడూ కొండల మీద ముందు లాగిన అమెరికన్ అతను. 2023లో మూడు పెద్ద పర్యటనలూ ఒకే ఏడాది తొక్కి, మూడోదైన వుల్టాలో ఎర్ర జెర్సీ తనే తొడుక్కున్నాడు. అంగ్లీరు కొండ మీద ఆ రోగ్లిచ్, ఆ వింగెగార్డే అతన్ని వెనక వదిలేసి పోయారు. ఆధిక్యం 8 సెకన్లకు పడిపోయింది. నేను ఇప్పటికీ వాళ్ళని క్షమించలేదు. జట్టు పెద్దలు ఆ రాత్రి తర్వాతైనా నాలుక సవరించుకున్నారు, కస్ గెలిచాడు. అదే జట్టు మచ్చ కడుక్కున్నది 2025లో ఇటలీ పర్యటన జీరోలో అంటాను. ఫినెస్ట్రే కనుమ మీద ముందు పారిపోయిన వౌట్ వాన్ ఆర్ట్ తన గెలుపు సంగతి వదిలి, కనుమ దిగాక ఆగి, సైమన్ యేట్స్‌ని లోయ పొడవునా లాగాడు. 2018లో అదే కనుమ మీద జీరో పోగొట్టుకున్న యేట్స్‌కి అదే కనుమ దగ్గర జీరో తిరిగి వచ్చింది.

1934 సంగతి చెప్పకుండా ఎలా వదలను! ఇరవై ఏళ్ళ రెనే వియెట్టో కిందపడ్డ నాయకుడు ఆంతోనిన్ మాన్య్‌కి తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చి, గోడ మీద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు తాను ముందుండి కూడా వెనక్కి తిరిగి కొండ ఎక్కి వచ్చి మళ్ళీ సాయం పడ్డాడు. మాన్య్ టూర్ గెలిచాడు. జనం గుర్తుపెట్టుకున్నది వియెట్టోని. కానీ అతను ఎప్పటికీ టూర్ గెలవలేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. వరల్డ్ టూర్ జట్టులో ఇప్పటిదాకా భారతీయుడు లేడు. కాళ్ళు లేక కాదు. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్)లో ఈసో అల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ ట్రాక్ మీద జూనియర్ ప్రపంచ బంగారం తెచ్చారు. రోడ్డు మీద మనవాడికి కాంట్రాక్టంటే రైల్వేలోనో సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. కించపరచను. ఆ ఉద్యోగమే లేకపోతే ఆ మాత్రం రైడర్లూ ఉండేవాళ్ళు కాదు. కానీ ఉద్యోగం మనిషికి వస్తుంది, జట్టుకి రాదు. పతకం నీది, పదోన్నతి నీది, కాబట్టి నీకోసం గాలి తినేవాడు ఎవడూ ఉండడు. 2026 జనవరిలో పుణే గ్రాండ్ టూర్ పేరుతో అంతర్జాతీయ స్థాయి బహుళ దశల రేసు మన దేశానికి వచ్చింది. ఏడాది పొడవునా కలిసి తిరిగే జట్లు వరస కట్టి లాగడం మన కుర్రాళ్ళు పక్క నుంచి చూశారు. ఆ విద్య శిబిరం పెట్టి పది రోజుల్లో నేర్పేది కాదు.

హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. చక్కగా ఉంది. ఎప్పటిలాగే పడమటివాళ్ళకి దక్కింది. మా ఉత్తరాన దుండిగల్, కండ్లకోయ, శామీర్‌పేటల మీదుగా పోయే అదే 158 కిలోమీటర్ల ఔటర్ పక్కన సర్వీసు రోడ్డే మాకు మైదానం, లారీలతో పంచుకుంటూ. అయినా దారి కంటే ముందు కావలసింది జట్టు. హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల ఉంది. జీడిమెట్లలో ఫ్యాక్టరీలున్నాయి, జీనోమ్ వ్యాలీలో కోట్ల వ్యాపారం చేసే కంపెనీలున్నాయి. ఒక్కరోజు పరుగు పెట్టించి టీషర్టులు పంచే డబ్బుని మూడేళ్ళపాటు ఎనిమిది మంది కుర్రాళ్ళ మీద పెట్టమనండి. నెల జీతం, మెకానిక్, వెనక ఒక కారు, రెండేళ్ళకు తక్కువ కాని కాంట్రాక్టు. కాంట్రాక్టులో గెలుపుల బోనస్ పక్కనే, గాలిలో ముందుండి లాగిన కిలోమీటర్లకు కూడా ఒక పంక్తి రాయండి. ఎంపిక చేసేటప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద ఎవడు ముందొచ్చాడని అడగకండి. తూముకుంట దాటాక ఎదురుగాలిలో ఎవడి వెనక అందరూ దాక్కున్నారో ఆ కుర్రాడికి మొదటి సంతకం చేయించండి.