‘పోలీసు చర్య’: ఒక ప్రభుత్వ పదం, తెలుగు సాహిత్య స్మృతి

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని పురానాపూల్‌ను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించాడు. గోల్కొండను మూసీ దక్షిణపు ఒడ్డుతో కలిపిన ఈ వంతెన చార్మినారు కన్నా పదమూడేళ్ళు పెద్దది. భాగమతి కోసం వరదలో నది దాటిన రాకుమారుని మీది వాత్సల్యంతో తండ్రి దీన్ని కట్టించాడన్న కథ లోకప్రసిద్ధం. ఆనాటికి మహమ్మద్ కులీ వయస్సు పన్నెండు పదమూడేళ్ళకు మించదని లెక్క చెప్పినా ఆ కథకు లోటు రాలేదు. వినేవారికి కావలసిన అర్థాన్ని అందించే కథకు ఆధారాలతో అంతగా పని ఉండదు.

ఈ వంతెనకు ఇరువైపులా, కార్వాన్ ధూల్‌పేటల దిక్కున గానీ హుస్సేనీ ఆలం దిక్కున గానీ, 1948 సెప్టెంబరుకు పెద్దతరంలో స్థిరపడిన పేరు ఒక్కటే: ‘పోలీసు యాక్షన్’. తెలంగాణ పల్లెల్లో వయస్సు లెక్కకట్టుకోవడానికి కూడా ఇదే గురుతు. తెలుగు సాహిత్య విమర్శ ఈ మాటను ‘పోలీసు చర్య’గా అనువదించుకొని, తెలంగాణ నవల, కథ, కవితల కాలవిభజనకు సరిహద్దు రాయిగా పాతుకొంది. అయితే ఇది ప్రజలు పెట్టుకొన్న పేరు కాదు. యుద్ధవేళ ఒక ప్రభుత్వం తన చర్యకు తాను పెట్టుకొన్న పేరు. ఓడిన ప్రభుత్వపు ప్రచారం ఓటమితోనే ముగియగా, గెలిచిన ప్రభుత్వపు పదం డెబ్బయ్యేళ్ళు దాటినా మన పరిభాషలో ఎందుకు నిలిచిందో విచారించడం ఈ వ్యాస లక్ష్యం.

రెండు ప్రభుత్వాలు, రెండు ప్రచారాలు

యుద్ధప్రచారం హైదరాబాదుకు 1948లో కొత్తగా వచ్చింది కాదు. 1914లో టర్కీ జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగినప్పుడు, ఖలీఫా ఎదుటి పక్షంలో ఉన్నా బ్రిటిషు వారికి విధేయులై ఉండవలసిందని ఉస్మాన్ అలీఖాన్ ముస్లింలకు ప్రకటన చేశాడు. యుద్ధానంతరం ‘బ్రిటిషు ప్రభుత్వ విశ్వసనీయ మిత్రుడు’ అన్న బిరుదు ఆయన పేరుకు తోడయింది. మతభావాన్ని రాజ్యావసరానికి అనుగుణంగా మలచడంలో ఆ సంస్థానానికి అప్పటికే అనుభవం ఉంది.

1947 నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం తరువాత ఆ అనుభవం మరో రూపం తీసుకొంది. దక్కన్ రేడియో ప్రభుత్వం చేతిలో ఉంది. సభ జరపాలంటే అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నాటి నుంచే ప్రజల నోటికి తాళం ఉంది. వీటికి తోడు కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల కవాతులు, ఉపన్యాసాలు సంస్థానం అజేయమన్న భ్రమను పెంచాయి. ఈ ప్రచారానికి అన్నిటికన్నా అడ్డుగా నిలిచింది ఎదుటి పక్షపు ప్రచారం కాదు, తన పక్షంలోనే పుట్టిన భిన్నస్వరం. భారత యూనియన్‌లో చేరాలని, రజాకార్ల సంస్థను రద్దు చేయాలని కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో ప్రచురించిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. ప్రజలందరిదీ ఒకే గొంతు అని చాటదలచినవారు ముందుగా సహించలేనిది ఇటువంటి గొంతునే.

భారత ప్రభుత్వ ప్రచారం వేరు తరహాది. 1948లో అది హైదరాబాదుపై శ్వేతపత్రం వెలువరించింది. రజాకార్ల దౌర్జన్యాల వివరణ అందులో ప్రధానం. ఆ దౌర్జన్యాలు కల్పితాలు కావు. 1947 సెప్టెంబరు 2న పరకాలలోనూ 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలోనూ జరిగిన కాల్పులు, హత్యలు తెలంగాణ మరువలేని నిజాలు. ప్రచారమంటే అబద్ధమే కావాలన్న నియమం లేదని ఇక్కడ గుర్తించాలి. భారతంలో ధర్మరాజు అశ్వత్థామ మరణం గురించి చెప్పిన మాటలో అసత్యం లేదు. ‘కుంజరః’ అన్న మాటను పలికిన స్థాయిలోనే ఉంది కిటుకంతా. యుద్ధకాలపు ప్రభుత్వాలు చాలాసార్లు నిజమే చెబుతాయి. ఏ నిజం పెద్దగా చెప్పాలో, ఏ నిజం మెల్లగా చెప్పాలో మాత్రం తామే నిర్ణయిస్తాయి.

పేరు పెట్టడంలోని రాజకీయం

సెప్టెంబరు 13న మొదలైన చర్యకు సైన్యం పెట్టుకొన్న సంకేతనామం ‘ఆపరేషన్ పోలో’. నడిపింది దక్షిణ సైనిక కమాండు. ప్రధాన దళానికి నాయకుడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. ట్యాంకులు, విమానాలు పాల్గొన్నాయి. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. ఆపై పాలనాధికారం చేపట్టింది పోలీసు కమీషనరు కాదు, మిలిటరీ గవర్నరు. ఆ పదవి చౌధురికే దక్కింది. ముందూ వెనుకా సైన్యమే ఉన్న ఈ ఘటనకు ‘పోలీసు’ విశేషణం ఎందుకు అవసరమైంది?

జవాబు ఐక్యరాజ్యసమితిలో ఉంది. హైదరాబాదు ప్రభుత్వం ఆగస్టులోనే భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదనీ, ఇది ఆంతరంగిక విషయమనీ, మండలికి విచారణాధికారం లేదనీ భారత్ వాదించింది. రెండు రాజ్యాల మధ్య జరిగేది యుద్ధం, ఇంటిలోపల శాంతిభద్రతలు కాపాడేది పోలీసు. ‘పోలీసు చర్య’ అనగానే ఎదుటిది రాజ్యం కాదని చెప్పకనే చెప్పినట్లయింది. ఒక న్యాయవాదం మొత్తం ఒక విశేషణంలో ఇమిడిపోయింది. సెప్టెంబరు 23న నిజాం మళ్ళీ రేడియోలో మాట్లాడుతూ ఫిర్యాదును ఉపసంహరించుకొంటున్నట్లు తెలిపాడు. చిన్న ముఠా ఒకటి హిట్లరు పద్ధతులతో రాజ్యాన్ని చేజిక్కించుకొన్నదని కూడా అన్నాడు. వారం కిందటి ప్రభుత్వ వాణి అదే నోట తలకిందులయింది.

ఈ పదం భారత ప్రభుత్వపు సృష్టి కూడా కాదు. 1947 జూలైలో ఇండోనేషియా రిపబ్లిక్‌పై జరిపిన సైనికదాడిని డచ్చి ప్రభుత్వం తన భాషలో ‘పోలీసు చర్య’ అనే పిలిచింది. అదీ ఆంతరంగిక విషయమే అన్నది. ఆ వాదాన్ని కాదని, సమస్యను భద్రతామండలికి తీసుకుపోయిన దేశాలు రెండు: ఆస్ట్రేలియా, భారత్. 1948 డిసెంబరులో డచ్చివారు రెండవసారి దాడికి దిగితే 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం జరిపించాడు. మరుసటి ఏడు కొరియాలో అమెరికా దిగినప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ కూడా ఒక విలేఖరి అందించిన ఇదే మాటను అంగీకరించాడు. వలస సామ్రాజ్యాన్ని నిలుపుకొనే యత్నమూ, ఒక సంస్థానాన్ని స్వతంత్ర దేశంలో చేర్చుకొనే యత్నమూ నైతికంగా ఒకటి కావు. కాని ‘యుద్ధం’ అన్న మాటను తప్పించడంలో పద్ధతి మాత్రం ఒక్కటే.

రెండు పదాల భిన్నగతులు

‘రజాకార్’ అంటే స్వచ్ఛంద సేవకుడు. పెట్టినవారి దృష్టిలో అది గౌరవనామం. తెలంగాణ తెలుగులో అది తిట్టుపదంగా మారింది. ప్రభుత్వం పెట్టిన అర్థాన్ని పల్లె అనుభవం తోసిపుచ్చింది. ఆ అనుభవం పాటగా, బుర్రకథగా, కథగా, నవలగా రూపుకట్టింది. దాశరథి కృష్ణమాచార్య ‘అగ్నిధార’ 1949లోనే వచ్చింది. పదం అర్థం మారడంలో గ్రామీణుని జ్ఞాపకానికీ కవి వాక్కుకూ సమానభాగం ఉంది.

‘పోలీసు చర్య’కు అటువంటి పరీక్ష ఎదురుకాలేదు. సైన్యం ప్రవేశం తరువాత జరిగిన హింసను విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన బృందం 1948 చివరలో సంస్థానంలో తిరిగింది. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల వరకు ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని చెప్పింది. రజాకార్ల దౌర్జన్యాలను కూడా దాచలేదు. శ్వేతపత్రాన్ని అచ్చువేసి పంచిన ప్రభుత్వం ఈ నివేదికను ప్రచురించలేదు. ధర్మరాజు మెల్లగా పలికిన మాట ఇదే.

నివేదిక అణగారితే సాహిత్యం ఎందుకు పలకలేదు? దీనికి భాషాపరమైన కారణం ఒకటి ఉందని నా ప్రతిపాదన. ఆ నాలుగు జిల్లాలు ప్రధానంగా మరాఠీ, కన్నడ ప్రాంతాలు. 1956 నవంబరులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి బొంబాయి, మైసూరు రాష్ట్రాలలో కలిసిపోయాయి. భూమితోపాటు స్మృతి కూడా మూడు ముక్కలయింది. బాధితుల మాట ఉర్దూ. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలోనే ఆ భాష తన స్థానాన్ని కోల్పోయిన కాలమది. ఆ విధంగా తెలుగు సాహిత్యానికి ఒక అనుభవం పూర్తిగా అందింది, మరొకటి అందలేదు. అందిన అనుభవం ‘రజాకార్’ పదాన్ని నిలదీసింది. అందని అనుభవం వల్ల ‘పోలీసు చర్య’ ప్రశ్నకు గురికాకుండా మిగిలిపోయింది.

రెండు యుగాంతాలు

పుస్తకాల పేర్లే ఇక్కడ పక్షాలను చూపిస్తాయి. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదులో పనిచేసిన కె.ఎం. మున్షీ 1957లో వెలువరించిన ఇంగ్లీషు జ్ఞాపకాల గ్రంథం పేరుకు తెలుగు ‘ఒక యుగాంతం’. నిజాం చివరి ప్రధాని లాయక్ అలీ 1962లో రాసిన పుస్తకానికి ‘హైదరాబాదు విషాదం’ అని పేరు. ఉర్దూలో ‘సుకూత్-ఎ-హైదరాబాద్’, అంటే హైదరాబాదు పతనం, అన్న పేరు కూడా వాడుకలో ఉంది. ఒకరికి అంతం, ఒకరికి విషాదం, మరొకరికి పతనం.

పాతబస్తీ జీవితాన్ని ‘చార్మినార్’ (1981) కథల్లో చిత్రించిన నెల్లూరి కేశవస్వామి కథ ఒకదాని పేరు కూడా ‘యుగాంతం’ కావడం గమనించదగినది. మున్షీకి యుగాంతమంటే ఒక రాజవంశపు అధికారం ముగియడం. ఉర్దూ తెలుగుల మధ్య పెరిగిన కేశవస్వామికి అది హిందూ ముస్లిం కుటుంబాలు కలిసి బతికిన ఒక జీవనసరళి చెదిరిపోవడం. ఒకే శీర్షిక కింద ప్రభుత్వ ప్రతినిధి రాజ్యాన్ని చూస్తే, కథకుడు ఇరుగుపొరుగును చూశాడు. యుద్ధప్రచారానికి సాహిత్యం ఇవ్వగల సమాధానం ప్రతిప్రచారం కాదనీ, కొలమానాన్ని మార్చడమనీ ఈ పోలిక చెబుతుంది.

దాశరథి రంగాచార్య నవలాక్రమాన్ని కూడా ఈ దృష్టితో తిరిగి చదవవలసి ఉంది. ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలను పోలీసు చర్యకు ముందూ తరువాతా అని విమర్శకులు విభజిస్తారు. కాని 1948లో దిగిన సైన్యం రజాకార్లు లొంగిన తరువాత తెలంగాణ రైతాంగంపైకి మళ్ళింది. సాయుధపోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ విరమించింది 1951 అక్టోబరులో. అయిదు రోజుల సరిహద్దు రాయితో మూడేళ్ళ కాలాన్ని కొలిస్తే ఆ నవలల్లో భూమి ప్రశ్న రెండు ముక్కలవుతుంది. సరిహద్దు పాతిన ప్రభుత్వం కోరుకొన్నది కూడా ఇటువంటి పఠనమే.

ఒక అభ్యంతరం

ఇక్కడ సహేతుకమైన అభ్యంతరం ఒకటి రావచ్చు. సైన్యానికి పూలమాలలు వేసిన వేలాదిమంది ప్రచారానికి లోబడినవారా? కారు. భైరాన్‌పల్లి వంటి ఊళ్ళకు ఆ సెప్టెంబరు నిజమైన ఊరట. ఆ ఊరటను కాదనే హక్కు ఏ విమర్శకునికీ లేదు. అయితే నిజమైన ఊరట మీద నిలబడినందువల్లనే ఆ పదం అంత బలపడింది. ఊరట పొందినవారి అనుభవాన్ని అందరి అనుభవంగా చూపడంలోనే ప్రచారం పని పూర్తయింది. రెండు నిజాలను పక్కపక్కన నిలపడం వల్ల ఒకటి రెండవదాన్ని రద్దు చేయదు. 1990ల నుంచి తెలుగులో బలపడిన ముస్లిం సాహిత్యం, మౌఖిక కథనాల ఆధారంగా అఫ్సర్ 2023లో ఇంగ్లీషులో వెలువరించిన అధ్యయనం ఈ పనికి దారి తీశాయి.

ముగింపు

2022 సెప్టెంబరు 17ను కేంద్ర ప్రభుత్వం ‘విమోచన దినం’గా, రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినం’గా జరిపాయి. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ‘ప్రజాపాలన దినోత్సవం’ అన్నది. వామపక్షాల వాదంలో ‘విలీనం’, ‘విద్రోహం’ అన్న మాటలూ ఉన్నాయి. ఒక్క తేదీకి ఇన్ని పేర్లు రావడం చూస్తే పేరు పెట్టే ఆ యుద్ధం ఇంకా ముగియలేదని తెలుస్తుంది.

ఒక ప్రభుత్వ పదాన్ని తీసివేసి మరొక ప్రభుత్వ పదాన్ని పెట్టుకోవడం విమర్శ చేయవలసిన పని కాదు. ‘పోలీసు చర్య’ అన్న మాట జనవ్యవహారంలో ఉంది, ఉంటుంది. పరిశోధనలో దాన్ని వాడేటప్పుడు అది ఎవరి మాటో చెప్పి వాడాలి. కాలవిభజనను 1948తో ఆపక 1951 వరకు సాగించాలి. తెలంగాణ కథను ఉర్దూ, మరాఠీ, కన్నడ రచనల పక్కన పెట్టి చదవాలి. అనుభవం రచనగా మారిన చోట ‘రజాకార్’ వంటి బలమైన ప్రభుత్వ పదమే అర్థం మార్చుకొన్నది. రెండవ పదానికి ఆ పరీక్ష పెట్టవలసిన బాధ్యత 1956లో విడిపోయిన మూడు భాషల సాహిత్యాలదీ, వాటిని చదివే మనదీ.