పటములో కనబడని దూరము

శ్రీహరికోట నుండి 2024 డిసెంబరు 30వ తేదీన ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి60 ప్రయోగములో మన దేశపు 32 బిట్ల ప్రాసెసరు విక్రమ్ 3201 అంతరిక్షమున పరీక్షకు నిలిచినది. చిప్పునకు పేరు వచ్చినది, న్యాయమే. కాని అట్టి చిప్పు ఏదైనను, దాని కాళ్ళ ప్రక్కన బియ్యపుగింజంత పింగాణీ కెపాసిటర్లు లేనిదే నమ్మకముగా పనిచేయదు. వీనిని డీకప్లింగ్ కెపాసిటర్లు అందురు.

పాఠ్యగ్రంథములు వీనిని చూపు తీరు మాత్రము విమర్శింపదగినది. లాజిక్ గేట్ల పటములు పెక్కింటిలో విద్యుత్ సరఫరా తీగలే ఉండవు. ఉన్నచోట కెపాసిటర్లనన్నిటిని ఒక మూలకు చేర్చి వరుసగా గీయుదురు. సిద్ధాంతరీత్యా తప్పు లేదు, పటములోని గీతకు పొడవు లేదు గనుక. బల్లపై తీగకు పొడవున్నది. చిక్కంతయు అక్కడనే.

లెక్క వేసి చూడుడు. 10 సెంటీమీటర్ల గ్రౌండు తీగకు ప్రేరకత్వము సుమారు 100 నానోహెన్రీలు. 7400 తరగతి గేటు 0 నుండి 1కి మారునపుడు దాని చివరి ట్రాన్సిస్టర్లు రెండును క్షణకాలము కలిసి కరెంటును పోనిచ్చును. ఆ కరెంటు 5 నానోసెకనులలో 20 మిల్లీ ఆంపియర్లు పెరిగినదనుకొందము. తీగ రెండు కొసల మధ్య 0.4 వోల్టు తేడా పుట్టును. ఈ తరగతి వలయములు ఓర్చుకొనునని హామీ ఉన్న అలజడియు సరిగా 0.4 వోల్టే! నాలుగు గేట్లు ఒక్కసారి మారినచో కౌంటరు అంకెలను దాటవేయవచ్చును. ఉపాధ్యాయుడు చిప్పు చెడినదని మరియొకటి తెప్పించును. పటము ప్రకారమే కూర్చిన కుర్రవాడు తనకు చేతకాదనుకొనును. ఈ రెండవ నష్టము పెద్దది.

ఆ 5 నానోసెకనులకు కావలసిన ఆవేశము 100 పికోకూలుంబులకు మించదు. ప్రక్కనున్న 0.1 మైక్రోఫారడు కెపాసిటరు దానినిచ్చినను, దాని వోల్టేజి తగ్గునది 1 మిల్లీవోల్టే.

'కెపాసిటరు విద్యుత్తును దాచు కడవ' అను పోలిక సగమే సరి. అది చదివిన విద్యార్థి పెద్ద కడవ మేలనుకొని, సరఫరా మొదట 100 మైక్రోఫారడులది పెట్టి ఊరకుండును. పెరటిలో గాబు నిండుగా ఉన్నను, పాలు పొంగునపుడు అక్కరకు వచ్చునది పొయ్యి ప్రక్కనున్న చెంబులోని నీరే. గాబు పని వేరు: చెంబును మరల నింపుట.

7400 చిప్పులో గ్రౌండు 7వ కాలు, సరఫరా 14వ కాలు. ఎదురెదురు మూలలలో పెట్టిరి. ఈ ఏర్పాటే మెచ్చదగినది కాదు. కెపాసిటరు కాళ్ళు ఎంత కురుచగా కత్తిరించినను చిప్పు నిడివి దాటక తప్పదు. ప్రయోగపు పుస్తకములలో ప్రతి చిప్పు ప్రక్కన దాని కెపాసిటరును గీసి, క్రింద 'కాళ్ళు కురుచగా, చిప్పునకు ఆనించి' అని ముద్రించుటకు పట్టునది ఒక్క పంక్తి.