పాటల ప్లేయరుకు సిలికోను తొడుగు

జేబులో పట్టు పాటల ప్లేయరును కొన్నవారు దానికొక మెత్తని తొడుగును గూడ కొనుట వాడుక. దుకాణములలో దీనిని సిలికోను కవరు అందురు. 2001లో వెలువడిన ఐపాడ్ తయారీ 2022లో నిలిచిపోయినను, ఇట్టి తొడుగులు చిన్న ప్లేయర్లకును, సెల్‌ఫోనులకును నిలిచియున్నవి. తొడుగు వేసితిమి గనుక వస్తువునకు సంపూర్ణ రక్షణ కలిగినదని పలువురి నమ్మకము. మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ వాసులకు ఈ నమ్మకము ఎంతవరకు చెల్లునో పరిశీలింతము.

సిలికాన్ మూలకము, సిలికోను దాని సమ్మేళనము. ఇందు సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటివిడిచి ఒకటి గొలుసువలె కూడియుండును. ప్రతి సిలికాన్‌కును మిథైల్ సమూహములు అంటియుండును. గొలుసు సులభముగా వంగును గనుక పదార్థము మెత్తన. మిథైల్ సమూహములు నీటిని అంటనీయవు గనుక చుక్క జారిపోవును. పారదర్శకముగా నుండి కొన్నాళ్ళకు పసుపెక్కు తొడుగు సాధారణముగా సిలికోను కాదు, పాలియురెథేను జాతి ప్లాస్టిక్కు.

ఇక దీని మేలు. ఒక మీటరు ఎత్తునుండి గచ్చుపై పడిన ప్లేయరు అర మిల్లీమీటరు దూరములో ఆగినదనుకొందము. అప్పుడు దానిపై సగటు తాకిడి దాని బరువునకు సుమారు 2000 రెట్లు. తొడుగు మరియొక మిల్లీమీటరు అణగినచో ఆగు దూరము మూడురెట్లగును. తాకిడి మూడవ వంతునకు దిగును. ఈ విషయమున తొడుగు నిజముగా కవచమే.

కాని మన సీమలో ప్లేయరునకు దెబ్బకన్న పెద్ద శత్రువు ఉప్పు తేమ. సముద్రపు గాలిలోని ఉప్పురేణువులు, చేతి చెమట తొడుగు రంధ్రములగుండ లోనికి చేరును. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటగానే ఉప్పు తేమను పీల్చి ద్రవమగును. కోస్తాలో తెల్లవారుజామున ఈ హద్దు దాటుట సామాన్యము. పైగా సిలికోను నీటిచుక్కను ఆపునేగాని నీటియావిరిని ఆపదు; పాలిథీనుకంటె ఎన్నోరెట్లు సులభముగా పోనిచ్చును. అంచులలో చిక్కిన తడి మాత్రము త్వరగా ఆరదు.

దీని ఫలితము మచిలీపట్నపు రోల్డుగోల్డు పనివారికి తెలిసినదే. పైపూత అరిగినచోట లోని రాగి చిలుమెక్కును. ఇయర్‌ఫోను మొనకు బంగారుపూత వేయుట ఇందుకే. పూత పోయినచో పాటలో గరగర పుట్టును. పెక్కు చిన్న ప్లేయర్లలో ఇయర్‌ఫోను తీగయే ఎఫ్.ఎం. రేడియోకు ఏరియలు. మొన చెడిన రేడియో సరిగా పలుకదు. 1977 నవంబరు 19న ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్న దివిసీమలో తుపానునాటి రేడియో వినోదవస్తువు కాదు. హెచ్చరిక వినిపించు సాధనము.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పరీక్ష చేయింపవచ్చును. రెండు గ్లాసులలో సమానముగా నీరు పోసి, ఒకదాని మూతికి పలుచని సిలికోను రేకును, రెండవదానికి పాలిథీను రేకును బిగుతుగా కట్టి, వారము దినములు తూచవలెను. సిలికోను కట్టిన గ్లాసే ఎక్కువ బరువు కోల్పోవును.

కావున తొడుగును వదలనక్కరలేదు. దాని పనిని మించి నమ్మరాదు. వారమునకొకసారి దానిని విప్పి, ప్లేయరును పొడిగుడ్డతో తుడిచి, తొడుగును కడిగి పూర్తిగా ఆరనిచ్చి మరల వేయవలెను. రాత్రివేళ బిగుతు మూతగల డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో నుంచుట మేలు. పడవ ఎక్కునపుడు, తుపాను దినములలో, మూతిబిగించు పాలిథీను సంచి ఖరీదైన తొడుగుకంటె మంచి రక్షణ. దెబ్బకు సిలికోను, తేమకు పాలిథీను: ఏ పనికి ఏ పదార్థము తగునో ఎరిగి వాడుటయే రసాయనశాస్త్రము మనకు నేర్పు పొదుపు.