కంప్యూటరు కూర్చిన క్యాన్సరు మందులు: ఒక విమర్శ

క్యాన్సరుకు కొత్త మందును కంప్యూటరు సాయముతో కనుగొన్నారను వార్త తరచుగా కనబడుచున్నది. అట్టి వార్తలకు మూలమైన వ్యాసములను తెరచి చూచినచో పెక్కింటియందు ఒకే వరుస కానవచ్చును. క్యాన్సరు కణములో మితిమీరి పనిచేయు ఒక ప్రోటీనును ఎన్నుకొందురు. దాని ఆకృతిని 1971లో ప్రారంభమైన ప్రోటీన్ డేటా బ్యాంకునుండి తీసికొందురు. దానిలోని గుంటయందు వేలకొలది అణువులను కంప్యూటరుచే అమర్చి చూచి, మంచి మార్కులు వచ్చినదానికి 'ఔషధము కాదగినది' అని పేరు పెట్టుదురు. వ్యాసము అంతటితో ముగియును. ఆ అణువును ఎవ్వరును కణములపై వేసి చూచి యుండరు.

ఈ మార్కుల విలువ ఎంత? అణువు ప్రోటీనుకు ఎంత గట్టిగా అంటుకొనునో కంప్యూటరు కిలోకాలరీలలో అంచనా వేయును. మోలు ఒక్కింటికి సుమారు 1.4 కిలోకాలరీలు పొరపాటు వచ్చినచో, అంటుకొను బలము పదిరెట్లు తారుమారగును. త్వరత్వరగా వేయు లెక్కలలో ఇంతకు మించిన పొరపాట్లు సామాన్యము. పైగా ఇట్టి పద్ధతులలో చాలవరకు ప్రోటీనును రాతిబొమ్మవలె కదలనిదిగా భావించును. గుంటలోని నీటి అణువులను లెక్కనుండి తొలగించును. కణములోని ప్రోటీను క్షణమైనను నిలుకడగా ఉండదు. పసుపులోని కర్క్యుమిన్ తెరపై ఎన్నెన్ని ప్రోటీనులకో చక్కగా అమరును. నోటిద్వారా తీసికొన్నచో రక్తములో చేరునది అత్యల్పము.

కంప్యూటరు ఘనతకు ఉదాహరణగా పలువురు ఇమాటినిబ్‌ను పేర్కొందురు. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యూకీమియాలో అదుపుతప్పిన ఏబిఎల్ అను ప్రోటీనును అణచు ఈ మందు 2001లో అమెరికాలో అనుమతి పొంది, రోగుల ఆయుర్దాయమునే మార్చివైచినది. కాని అది ప్రధానముగా అణువును కొంచెము కొంచెము మార్చి పరీక్షించుచు ప్రయోగశాలలో సాధించినది. 2000లో ఎక్స్-కిరణ చిత్రణము వెలువడినప్పుడు, ఏబిఎల్ పనిచేయక ఊరకున్న రూపమునకే అది అంటుకొనునని తేలినది. చురుకైన రూపమును మాత్రమే తెరపై నిలిపి వెదకినచో కంప్యూటరు దానిని త్రోసివేసియుండెడిదేమో!

అయినను కంప్యూటరు వ్యర్థమనుట న్యాయము కాదు. కొందరు రోగులలో ఏబిఎల్ గొలుసునందలి 315వ అమైనో ఆమ్లమైన థ్రియోనిన్ పోయి, ఐసోల్యూసిన్ చేరును. దానితో మందును పట్టియుంచు హైడ్రోజన్ బంధము ఒకటి తెగిపోవును. లావైన ఐసోల్యూసిన్ దారికి అడ్డము నిలుచును. ఏరియాడ్ సంస్థవారు ఈ ఆకృతిని పరిశీలించి, అడ్డు ప్రక్కగా దూరిపోవునట్లు సన్నని, తిన్నని కార్బన్ త్రిబంధమును అణువులో ఇమిడ్చిరి. అదియే 2012లో అనుమతి పొందిన పొనాటినిబ్. అడిగిన ప్రశ్న ఇరుకైనది. జవాబును ప్రయోగముతో సరిచూచుకొనిరి.

అంతటి మందును సైతము 2013 అక్టోబరులో అమెరికాలో విక్రయింపక ఆపవలసివచ్చినది. వాడినవారిలో రక్తనాళములు మూసికొనిపోవు ప్రమాదము ఎక్కువగా కనబడెను. కొద్ది నెలలకు కఠినమైన హెచ్చరికలతో అది తిరిగి వచ్చినది. ఏబిఎల్ గుంటలో అమరికను చూపిన తెరపై ఈ ప్రమాదము కనబడునది కాదు.

2021లో అనుమతి పొందిన ఆసిమినిబ్ ఆ గుంటనే విడిచిపెట్టి, ఏబిఎల్‌పై వేరొకచోట అంటుకొనును. పాత గుంటలో వేల అణువులను అమర్చి, మార్కులు వేసి ముగించు వ్యాసములు మాత్రము ఇంకను వచ్చుచునే యున్నవి.