జనసముద్రం వెనుక మనిషి

ఆటెన్‌బరో ‘గాంధీ’ (1982) చిత్రంలోని అంతిమయాత్రను మెచ్చుకోని సమీక్షకుడు అరుదు. 1981 జనవరి 31న ఢిల్లీలో సుమారు 3 లక్షల మందితో, 11 కెమెరాలతో తీసిన ఆ ఘట్టం తెరమీద ఉండేది రెండు నిమిషాల పైచిలుకు. దర్శకుని ‘దృష్టి’ని పొగిడేవారు, అంతమందిని వేళకు నిలబెట్టి నడిపించే భారం ఎవరిదని అడగరు. అది ప్రథమ సహాయ దర్శకుడు డేవిడ్ టాంబ్లిన్ (1930-2005)ది. బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘ది ప్రిజనర్’ (1967-68)కు ఆయనే నిర్మాత. కొన్ని భాగాలకు రచన, దర్శకత్వం కూడా చేశాడు. నిర్మాత అయినవాడు మళ్లీ సహాయకుడుగా పనిచేయడం మెట్టు దిగడమే అనుకుంటాం మనం. (ప్రూఫులు దిద్దేవాడిపట్ల మన పత్రికల చూపూ ఇంతే!) ఆయనకు మాత్రం అదే వృత్తి. హాలీవుడ్ అకాడమీ 1930లలో కొన్నేళ్లు సహాయ దర్శకులకూ బహుమతి ఇచ్చి, తర్వాత మానేసింది. అందుకే ‘గాంధీ’కి దక్కిన 8 ఆస్కార్లలో ఈ శ్రమ పేరిట ఒక్కటీ లేదు.